బిళ్ల వెనక్కి ఇవ్వని పూట

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. భూపాలపల్లి బొగ్గుగనిలో నా ఉద్యోగం చివరి ఏడాది. సెలవు యాత్రకు నేనూ, నా భార్యా అండమాన్‌లో ఒక చిన్న దీవికి వెళ్లి, సముద్రపు ఒడ్డునే ఉన్న ఖరీదైన హోటల్లో దిగాం. అక్కడి లైఫ్‌గార్డు శ్రీకాకుళం ఆయన. మొదటి సాయంత్రమే ప్రత్యేక రాష్ట్రం గురించి ఇద్దరం వాదించుకుని మాటలు మానేశాం.

మర్నాడు పొద్దున ఆయన దగ్గర నంబరు బిళ్ల తీసుకుని నీళ్లలోకి దిగాను. బయటికి వచ్చాక తిరిగి ఇవ్వాలి. మా గనిలోనూ అదే పద్ధతి. బిళ్ల రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ముప్పై ఏళ్లు గని దగ్గర ఆ బిళ్లలు చూసుకున్నది నేనే. అయినా, కెరటం తాకిడి మరచిపోకముందే డైరీలో రాసుకోవాలన్న తొందరలో పక్కదారిన గదికి వెళ్లిపోయాను.

రెండు పేజీలు రాశానో లేదో, ఒడ్డున కేకలు. పరుగెత్తాను. నా భార్య ఇసుకలో కూలబడి ఉంది.

"ఏడికి పోయినవయ్యా? మునిగిపోయినవనుకున్న!" అంటూ నా చొక్కా పట్టుకుని ఏడ్చింది.

నాకోసం ఎన్నిసార్లు మునిగి వెతికాడో, లైఫ్‌గార్డు కళ్లు ఎర్రబడి, రొప్పుతూ నీళ్లలోంచి వచ్చాడు. తల వంచుకుని బిళ్ల ఆయన చేతిలో పెట్టాను.

"మీ రాష్ట్రం మీరు పట్టుకెళ్లిపోండి బాబూ! ఒడ్డుకొచ్చీసినప్పుడు మాత్రం ఓ మాట సెప్పండి," అన్నాడు.

మా వాదన తేలనే లేదు. కానీ నేను బతికి ఉన్నందుకు, నా భార్యను మినహాయిస్తే, ఆయనంతగా సంతోషించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.