బొట్టు పెట్టిన యంత్రం

వాగ్దేవికి మ్రొక్కి, తలపెట్టిన పనికి అడ్డేమీ రానీయవద్దని గణనాథుని వేడుకొని, మా బావగారి ఇంట గడచిన ఒక ఉదయాన్ని వ్రాసిపెడుతున్నాను. అది ధాత నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ దశమి. ఇంగ్లీషు లెక్కలో పందొమ్మిది వందల తొంభైయారు అక్టోబరు. ఆ ఉదయం కూడా మేము దేవతలను వేడుకోవడంలో లోటేమీ చేయలేదు.

బావగారంటే మా అక్కయ్య భర్త. మద్రాసులో పౌరాణిక చిత్రాలకు సంభాషణలు వ్రాసినవారు. పరిశ్రమ వెంట హైదరాబాదుకు తరలివచ్చి ఫిల్మ్ నగర్‌లో ఒక వాటాలో కాపురం పెట్టేనాటికి ఆ తరహా చిత్రాలు అరుదైపోయాయి. ఏళ్ల తరబడి పిలుపు లేదు. చివరకు తానే ఒక కథ వ్రాసి ఒక కార్యాలయానికి పంపితే, అక్కడి మేనేజరు ఆ కాగితాలను తిప్పి పంపుతూ, "చేతిరాత ఇప్పుడెవరూ చదవరండీ, కంప్యూటర్ కాపీ ఉంటే పంపండి" అని కబురు చేశాడు.

 బావగారు టోలిచౌకిలో కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే ఒక డీటీపీ దుకాణానికి పోయి, రెండు వేళ్లతో తెలుగు కొట్టడం నేర్చుకున్నారు. ఒక నిర్మాణ కార్యాలయం వద్దనుకున్న పాత కంప్యూటరును, ప్రింటరును ఇంటికి తెచ్చుకున్నారు. నేను కళాశాలలో తెలుగు చెప్పి విరమించినవాణ్ణి కావడాన నన్ను పంతులని పిలిచేవారు. "ఏమోయ్ పంతులూ, నీ ఛందస్సులో గణాలు నయం. ఈ కీబోర్డు పలక మీద 'క్ష' ఎక్కడుందో బ్రహ్మకు కూడా తెలియదు" అనేవారు.

ఆ సంవత్సరం జూబిలీ హిల్స్‌లోని పాత పరిచయస్థుడైన నిర్మాత ఒకరు పౌరాణికం తలపెట్టి, మాటలకు బావగారిని పిలిచారు. విజయదశమి ఉదయం వృశ్చిక లగ్నంలో ప్రారంభోత్సవం. తొలి దృశ్యపు కాగితాలకు పసుపు రాసి దేవుని ముందుంచాలి. తరువాత కథానాయకుడు వాటిని చేతబట్టి మొదటి మాట పలకాలి. ఆ దృశ్యం కంప్యూటరులో సిద్ధంగా ఉంది. మొదటి ప్రతి మాత్రం దశమి పొద్దుననే తీయాలని బావగారి కోరిక.

ముందునాడు మహానవమి. అక్కయ్య ఆయుధపూజలో కత్తిపీటతోపాటు కంప్యూటరును కూడా పెట్టింది. తెరకు, పలకకు చిన్న బొట్లు పెట్టి, కంప్యూటరు పెట్టె ముందున్న పవర్ మీటకు మాత్రం, అదే దాని ముఖమని, తడి గంధం దట్టంగా అలది పైన కుంకుమ అద్దింది. రాత్రికి అది ఎండి పెంకు కట్టింది.

నేను బోరబండ నుంచి ఆటోలో దిగేసరికి నిర్మాత పంపిన వ్యాను గుమ్మంలో ఉంది. బావగారు పట్టుపంచె కట్టుకుని యంత్రం ముందు కూర్చున్నారు. కుంకుమ చెదరకుండా చూపుడువేలి కొసతో మీట అంచున సుతారంగా నొక్కారు. దీపం వెలగలేదు. లోపల పంకా తిరగలేదు.

"కరెంటు లేదేమో" అన్నాను.

"నీ నెత్తిన ఫ్యాను తిరుగుతోంది కదటోయ్."

ప్లగ్గు తీసి అదే చోట బల్లదీపం పెట్టి చూశాము, వెలిగింది. స్టెబిలైజరు ఎర్రగా వెలుగుతూనే ఉంది. వెనుక తీగె వదులైందేమోనని ఊడదీసి బిగించాము. తెరకున్న తీగె తెచ్చి పెట్టెకు తగిలించాము. ప్రతి మార్పు తరువాతా బావగారు అదే అంచున, అంతే సుతారంగా నొక్కేవారు.

వ్యాను డ్రైవరు లోపలికి తొంగిచూశాడు. "ఏంది సార్, గింత లేటయితుంది? గాడ అందరు ఎదురు చూస్తున్నరు. జర నెత్తి మీద ఒకటి ఇయ్యుండ్రి, మా ఇంట్ల టీవీ గట్లనే లేస్తది."

"మీ టీవీకి బొట్టు లేదు నాయనా. దీనికుంది" అన్నారు బావగారు.

"పోనీ, ఆ గంధం కాస్త తుడిచి చూద్దామా?" అన్నాను.

పూజగది నుంచి అక్కయ్య విన్నది. "ఉద్వాసన చెప్పకుండా తుడుస్తావుట్రా? దశమి పూట పెట్టిన బొట్టు చెరిపి, ఆయన్ని పనికి పంపమంటావా?" ఆ మాటకు నా చేయి వెనక్కు వచ్చింది. బావగారికీ ఆ శంక ఉంది. ఆయన వెనుక తీగెల వైపే మళ్లీ తిరిగారు.

లగ్నం దగ్గరపడింది. "బావగారూ, దృశ్యమంతా మీకు నోటికి వచ్చు. చెప్పండి, వ్రాస్తాను. నా అక్షరాలు గుండ్రంగానే ఉంటాయి" అన్నాను.

"గుండ్రమే. ఆ గుండ్రాన్నే కదా వాళ్లు తిప్పి పంపింది." పంచె అంచు సవరించుకుని, "ఈ పూట చేతివ్రాత పట్టుకువెళితే, ముసలాడు మారలేదంటారోయ్" అన్నారు.

నేను కలం మూత పెట్టేశాను.

ఫోను మోగింది. అక్కయ్య తీసి విని, పెట్టేసింది. "ముహూర్తం దాటిపోతోందని, సహాయ దర్శకుడి చేత ఏదో మాట రాయించి కానిచ్చేశారటండీ." డ్రైవరు చెప్పులు వేసుకుంటూ, "మనసుల పెట్టుకోకుండ్రి సార్" అని వెళ్లిపోయాడు.

అక్కయ్య తడిగుడ్డ తెచ్చింది. ఉద్వాసన మంత్రం గొణుక్కుంటూ యంత్రం మీది పూలు తీసింది. మీట చుట్టూ ఎండిన గంధాన్ని గోటితో గీకి, గుడ్డతో గట్టిగా అదిమి తుడిచింది. టక్కున చప్పుడైంది. పంకా తిరిగింది, దీపం వెలిగింది. ఆ గంధపు పెంకే మీటను చివరిదాకా పోనివ్వలేదు. అక్కయ్య గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

 బావగారు ప్రతి తీశారు. ప్రింటరు కరకరమంటుండగా దృశ్యమంతా పైకి చదివారు. ఆయన కళ్లు కాగితం మీద లేవు. ఒక్క మాట తప్పిపోలేదు. అప్పటినుంచి నన్ను వదలని విచారం ఒకటుంది. ఏమీ అడగకుండా తెల్లకాగితం ముందుంచుకుని, ఆయన నోట విని నాకు గుర్తున్నంత వ్రాయడం మొదలుపెట్టి ఉంటే, నేనెక్కడో ఒక సమాసం తప్పు వ్రాసేవాణ్ణి; దాన్ని దిద్దడానికైనా ఆయన నోరు విప్పేవారు.

నాలుగు రోజులకు నిర్మాత స్వయంగా వచ్చారు. కాఫీ తాగి, గ్లాసు చేతిలోనే తిప్పుతూ, "ముహూర్తానికి కాగితం అందకపోవడం మంచి శకునం కాదని డిస్ట్రిబ్యూటర్లు అంటున్నారండీ గురువుగారూ" అన్నారు.

"నిజమే. యంత్రానికి బొట్టు పెట్టేసరికి సిగ్గుపడి లేవలేకపోయింది" అని బావగారు నవ్వారు. నిర్మాత కూడా నవ్వి, సెలవు తీసుకున్నారు. మాటలు మరొకరు వ్రాశారు.

మరుసటి ఏడు, ఈశ్వర నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ నవమి నాడు, అక్కయ్య కంప్యూటరుకు బొట్టు పెట్టలేదు. అప్పటికి అది ఆ ఇంట్లో లేదు. బావగారు ఆ తరువాత సినిమాకు ఏమీ వ్రాయలేదు.