రేకుల షెడ్డులో కమిటీని కూర్చోబెట్టిన మాస్టారు

మా హెడ్మాస్టారు సోమవారం కన్నుమూశారు. ఎల్లుండి యానాం మెట్టకూరులోని మా బడిలో సంతాపసభ. అధ్యక్షత వహించబోయే, వేరే నియోజకవర్గపు శాసనసభ్యుడు ఆయనను ‘నా ఆప్తుడు’ అని ఇప్పటికే చెప్పుకుంటున్నాడు. ఆ మాట చెల్లకూడదు. అందుకే ఇది ఇప్పుడే రాస్తున్నాను.

బడులకు నిధుల పంపకాన్ని పరిశీలించడం నా వృత్తి. శాసనసభ్యులు అవసరాన్ని తూచి పంచుతారని చాలామంది నమ్మకం. కానీ పాండిచ్చేరి శాసనసభలో యానానికి ఉన్నది ఒకే సభ్యుడి గొంతు. కాబట్టి తనిఖీకి వచ్చిన శాసనసభ కమిటీ కంటికి ఏది కనిపిస్తే అదే మన వాటా.

మొదటిసారి కమిటీ వస్తుందంటే మాస్టారు, మన గోదావరివాళ్లందరిలాగే, ఇంటికి చుట్టాలు వస్తున్నారనుకున్నారు. అగ్రహారం బడి నుంచి బల్లలు, ఫరంపేట బడి నుంచి ఫ్యాన్లు అరువు తెప్పించారు. గదులు చాలక పాఠాలు చెప్పే రేకుల షెడ్డుకు అడ్డంగా తెర కట్టించారు. కమిటీలో వచ్చిన ఈ సభ్యుడు తెర తొలగించి చూశాడు, నవ్వాడు, వదిలేశాడు. “మీకేం తక్కువండీ మాస్టారూ, బడి పెళ్లివారి విడిదిలా ఉంది” అని తెలుగులోనే అన్నాడు. సభలోనూ అదే చెప్పాడు. మనకు రావలసిన గదులు అతని నియోజకవర్గానికి వెళ్లాయి.

ఆ ఎండల్లోనే షెడ్డులో ఒక పాప సొమ్మసిల్లింది. మాస్టారు భుజాన వేసుకుని ఆసుపత్రికి నడిచారు. ఆనాటి నుంచి మధ్యాహ్నం పాఠాలు అక్కడ ఆయనే చెప్పేవారు. బడ్జెట్ రోజుల్లో సభ సంగతుల కోసం తమిళ వార్తలు పెట్టించి, తమిళం తెలిసిన ఎదురింటి చేపల వ్యాపారి చేత అర్థం చెప్పించుకునేవారు. “జాలిపడ్డోడు సంతకం పెట్టడండీ, చెమటపట్టినోడు పెడతాడు” అనేవారు.

రెండోసారి ఇదే సభ్యుడితో వచ్చిన కమిటీని మిట్టమధ్యాహ్నం షెడ్డులోకే తీసుకెళ్లారు.

“ఏంటి మాస్టారూ, కుర్చీలైనా వేయించలేదు?”

“మాకు లోటేం లేదని తమరే సెలవిచ్చారు కదండీ. పిల్లల పక్కన కూర్చోండి, లెక్కల పాఠం అవ్వగానే మాట్లాడుకుందాం.”

“పోనీ అప్పటి ఫ్యాన్లేవీ?”

“ఫరంపేటోళ్లకి తిరిగిచ్చేశామండి.”

అంత నిదానంగా ఆయన ఎన్నడూ పాఠం చెప్పలేదు. మంచినీళ్లు మాత్రం స్వయంగా తెచ్చిచ్చారు. సభ్యుడి తెల్లచొక్కా వీపుకు అంటుకుపోవడం గుమ్మంలో నిలబడి చూశాను. నాకు జాలి కలగలేదు, ఈనాటికీ కలగదు. లేస్తూ లేస్తూ గదులిస్తానని మాటిచ్చాడు. ఆ మాట ఉత్తర్వు కాకముందే మాస్టారు వెళ్లిపోయారు.

ఎల్లుండి అతడు ఎంతైనా పొగడనివ్వండి. విన్నాక మాత్రం మౌనంగా ఇళ్లకు వెళ్లకండి; గదులేవని అడగండి. ఇవాళ కూడా ఆ షెడ్డులో పిల్లలు ఎండ పడిన చోటు వదిలి, నీడ జరిగినకొద్దీ పుస్తకాలు జరుపుకుంటూ కూర్చున్నారు. ఈ శాసనసభ సమావేశాల్లో ఆ గదులకు ఆమోదం దొరుకుతుందో లేదో నాకు తెలియదు.