పలక మీద ఒక్క తట్టు

ఈ సంగతి నేను రాయకపోతే తప్పుడు కథే నిలిచిపోతుంది. మా అక్క పెళ్ళి గురించి గిద్దలూరు వైపు చుట్టాలు ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటున్నారు. పెళ్ళికొడుకు గుడిలో అందరి ముందూ వద్దన్నాడట, ఊరంతా కలిసి అతని మెడలు వంచి ఒప్పించారట. మొన్న ఒక పెళ్ళిపందిట్లో నా పక్కన కూర్చున్న ఆమె, నేనెవరో తెలియక, ఆ కథ నాకే చెప్పింది. కళ్ళు పెద్దవి చేసి, చేతులు తిప్పుతూ, బాగా చెప్పింది కూడా. కానీ అది జరిగినది కాదు. ఆ రోజు నేను గుడిలో, ముందు వరుస చాప మీదే కూర్చుని ఉన్నాను. చూసినదాన్ని కనుక రాస్తున్నాను.

అవి మద్రాసు ప్రభుత్వపు రోజులు. మా తాలూకాలన్నీ కర్నూలు జిల్లాలో ఉండేవి. మార్కాపురానికి నడిచిపోయేంత దూరంలో మా పల్లె. నాయన, అమ్మ రైతుల పొలాల్లో కూలికి పోయేవారు. అక్క, నేను పలకల కొట్టంలో పని చేసేవాళ్ళం. మగవాళ్ళు రాతిని ఉలితో పొరలు పొరలుగా చీల్చేవారు. ఆడవాళ్ళం ఆ పొరలను నునుపుగా రుద్ది, చుట్టూ చెక్క చట్రం బిగించేవాళ్ళం. సాయంత్రానికి మా కనుబొమ్మలు కూడా బూడిదరంగుకు తిరిగేవి.

నాకు చదువు మిషను బడిలో అక్షరాల దాకే. తక్కినదంతా మార్కాపురం పఠనమందిరంలో సంపాదించుకున్నదే. పని లేని రోజున అక్కడికి పోయేదాన్ని. మొదట్లో గుమ్మం దగ్గర నిలబడి చదివేదాన్ని. కొన్నాళ్ళకు అక్కడి గుమాస్తాగారు ఏమీ అనకుండా ఒక ముక్కాలిపీట తెచ్చి కిటికీ పక్కన వేశారు. నన్ను కూర్చోమన్నట్టు. మాట లేకుండా మనిషి మనసు చెప్పగలడని నాకు తెలిసింది ఆ పీట దగ్గరే. ఆ తరువాత ఆయనే ఇచ్చిన ఒక లావుపాటి పుస్తకంలో సరిగ్గా అదే విషయం ఉంది. మనుషులు ఒకరికొకరు మనసు తెలుపుకోవడానికి మాట ఒక దారి మాత్రమేనట. ముఖం, చెయ్యి, గొంతు పెట్టే తీరు, మనిషికీ మనిషికీ మధ్య వదిలే ఎడం, ఊరుకోవడం, ఇవన్నీ కూడా దారులేనట.

ఆ పుస్తకం చదివిన నెలంతా నేను ఇంట్లోవాళ్ళకు నిద్ర లేకుండా చేశాను. నాయన ఇంటికి వస్తూ వాకిట్లో దగ్గే దగ్గుకు అర్థం చెప్పాను. చెంబు నెమ్మదిగా పెడితే అమ్మకు కోపం లేదనీ, మోగేట్టు పెడితే ఉందనీ చెప్పాను. నాలుక చప్పరించి గడ్డం పైకెత్తితే మా వైపు లేదని అర్థం కదా, అదే చప్పరింపు తల అడ్డంగా ఊపుతూ చేస్తే అయ్యో పాపమని అర్థమవుతుందని చేసి చూపించాను.

"చెంబు మోగితే కోపమని చెప్పేదానికి పుస్తకం కావల్నా?" అంది అమ్మ. "నన్నడిగితే నేనే చెబుదును."

మా బావ సంగతికి వస్తాను. అతను పుట్టు చెవిటి, మూగ. కొట్టంలో రాతిని అతనంత పలుచగా చీల్చేవాళ్ళు తక్కువ. చీల్చిన పొరను ముందుకు తోసేటప్పుడు ఉలి పిడితో దాన్ని తట్టేవాడు. ఒక్క తట్టు తడితే పొర బాగుంది, తీసుకోమని. రెండు తట్లు తడితే లోపల చీలిక ఉంది, పక్కన పారెయ్యమని. అతనికి ఆ చప్పుడు వినపడదు, వేళ్ళకు తెలుస్తుంది. మాకు వినపడేది కనుక తలెత్తకుండానే పొరలు అందుకునేవాళ్ళం. కొన్నాళ్ళకు కొట్టమంతటికీ అదే భాష అయింది. ఎవరి కూరైనా బాగుంటే గిన్నె మీద ఒక తట్టు. మేస్త్రి చిరాకుగా వస్తుంటే చెక్క మీద రెండు తట్లు.

అక్కకూ అతనికీ ఈ తట్లతోనే స్నేహం కుదిరింది. ఎప్పుడు కుదిరిందో పక్కనే కూర్చున్న నాకే తెలియలేదు. పెళ్ళిమాట వచ్చినప్పుడు నాయన సరేనన్నాడు. అమ్మ మాత్రం ముఖం తిప్పుకుంది.

"పిల్లోడు మంచోడే. కాదనను. పొద్దు గూకి ఇంటికొస్తే 'ఏంది మే, అన్నం తిన్యావా' అని అడిగే మనిషి ఉండొద్దా? మాట లేని ఇంట్లో అది ఎట్ల బతుకుతాది?"

"నువ్వూ నాయనా మాట్లాడుకునేది అన్నం, ఉప్పు, పోట్లాట. అంతే గదమ్మా" అన్నాను.

"పోట్లాడేదానికన్నా నోరుండాల గదామ్మే!"

చివరకు అక్క ముఖం చూసి ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టింది. "పెండ్లి అయ్యగారి చేతి మీద, అందరి ముందూ, ఒప్పుకున్నానని ఆ పిల్లోడు తెలిసేట్టు చెప్పాల. రేపు వాడి మనసులో ఏముండాదో ఎవురికి తెలుసు? అట్ల చెప్పకుంటే ఈ సంబంధమే వద్దు నాకు."

అయ్యగారంటే మా పాస్టరు. బేస్తవారిపేట నుంచి పంటకొకసారి మా పల్లెకు వచ్చేవారు. ఆయన వచ్చిన రోజే పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు అన్నీ జరిగిపోవాలి. పెళ్ళి ముందురోజు సాయంత్రం ఆయన ఎడ్లబండి దిగగానే సంఘపెద్ద ఈ చిక్కు చెప్పాడు. ప్రమాణం నోటితో పలకాలి, పిల్లవాడికి నోరు లేదు. అయ్యగారు ఆలోచించి, గుర్తు చేత ఒప్పుకున్నా చెల్లుతుందన్నారు. సంఘపెద్దకు ఉత్సాహం వచ్చింది.

"పలకల పనోడు గదయ్యగారూ, పలక మీదనే తట్టిస్తే సరి."

"మంచిదే. అయితే ఒక్క దెబ్బ చెయ్యి జారినా పడుతుంది. రెండుసార్లు తట్టమనండి. అప్పుడు ఎవరికీ అనుమానం ఉండదు" అన్నారు అయ్యగారు.

సంఘపెద్ద పొలం పని మనిషి, కొట్టం వైపు ఎన్నడూ వచ్చినవాడు కాదు. బావను పిలిచి, మా ఇంటి వైపు చెయ్యి చూపించి, దండం పెట్టి, బల్ల మీద రెండుసార్లు తట్టి చూపించాడట. బావ ముఖం ముడుచుకుని గోడ వైపు తిరిగాడట. పిల్లవాడికి సిగ్గనుకున్నారు. మేము ఆడవాళ్ళం ఆ పూట కంభం చెరువు కింద పండిన బియ్యం చెరుగుతూ ఉన్నాం. ఈ ఏర్పాటు మా చెవిన పడలేదు.

మర్నాడు గుడి నిండిపోయింది. మా ప్రార్థన గుడిలోనే వారమంతా పిల్లల బడి జరిగేది కనుక, ఒక మూల వాళ్ళ పలకలు దొంతరగా పేర్చి ఉన్నాయి. అయ్యగారు అక్కను అడిగారు. అక్క ముసుగులోంచే "ఒప్పుకుంటాండా" అంది, బయట బండి దగ్గరి ఎడ్లకు కూడా వినిపించేట్టు. తరువాత సంఘపెద్ద బావ చేతికి ఒక పలక ఇచ్చాడు. అయ్యగారు అక్క వైపు చెయ్యి చూపించి తల ఎగరేశారు.

బావ పలకను ఒక్కసారి తట్టాడు.

అయ్యగారు చిరునవ్వుతో రెండు వేళ్ళు చూపించారు. బావ తల అడ్డంగా ఊపి, మళ్ళీ ఒక్కసారే తట్టాడు. అయ్యగారు తన చేతిలో ఉన్న పుస్తకం అట్ట మీద రెండుసార్లు తట్టి చూపించారు. బావ రెండు చేతులూ ఊపాడు, పలకను వీపు వెనక దాచుకున్నాడు.

గుడిలో గుసగుస లేచింది. అయ్యగారు పుస్తకం మూశారు. "ఇతనికి ఇష్టం లేదు. బలవంతపు పెళ్ళి నేను చేయను" అన్నారు.

బావ వాళ్ళమ్మ లేచి కొడుకు భుజం పట్టి ఊపింది. "తట్టరా! ఒరే, రెండు తట్టరా నాయనా!"

"వాడికి ఇనపడదు గదత్తా!" అన్నారెవరో వెనక నుంచి. "నువ్వరిస్తే మా చెవులు పోతాండాయి."

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నేను ముందే చెప్పినా. ఇన్నారా ఎవురన్నా? పద మే, ఇంటికి పోదాం" అని అక్క చెయ్యి పట్టుకుంది. అయ్యగారు మధ్యాహ్నమే వెళ్ళిపోతారు. మళ్ళీ వచ్చేసరికి అమ్మ ఇంకో సంబంధం చూసేస్తుంది.

అప్పుడు అక్క నవ్వింది. ముసుగులో మొదలైన నవ్వు ఆపుకోలేక, ముసుగు వెనక్కి జారేట్టు నవ్వింది.

"సిగ్గు లేదామ్మే? పెండ్లి చెడిపోతాంటే నవ్వుతావా?" అంది అమ్మ.

"చెడిపోలేదుమా. కొట్టంలో రెండు తట్లంటే పగిలిన పలక, పారెయ్యమని. అందరి ముందర నన్ను పగిలిన పలక అనమంటే ఆయన ఎట్లంటాడు?"

నాకు అప్పుడు తట్టింది. కొట్టం వాళ్ళందరికీ ఒక్కసారే తట్టింది, నవ్వులు మొదలయ్యాయి. అయ్యగారు మాత్రం నవ్వలేదు. పెళ్ళికూతురు తన పెళ్ళి కోసం ఏదైనా చెప్పవచ్చు కదా. "నువ్వు చదువుకున్న పిల్లవట. నువ్వు చెప్పు" అని నన్ను లేపారు.

నేను లేచి, పుస్తకంలో చదివినదంతా మొదలుపెట్టాను. గుర్తుకు తనంతట తనకు అర్థం ఉండదనీ, దాన్ని వాడేవాళ్ళు పెట్టుకున్న ఒప్పందమే దాని అర్థమనీ, ఒక చోటి ఒప్పందం ఇంకో చోట చెల్లదనీ...

"పుస్తకం ఆపి ఆ పలకలు తీసకరామ్మే!" అన్నాడు నాయన.

మూలనున్న దొంతర మొత్తం తెచ్చాను. అయ్యగారు తానే ఏరి ఒక్కొక్కటీ బావకు అందించారు. బావకు ఇది పెళ్ళి మధ్యలో ఎందుకో తెలియకపోయినా పని పనే కదా, వేలి కణుపుతో తట్టి చూడసాగాడు. మంచిదానికి ఒక్క తట్టు, కుడివైపు. మళ్ళీ మంచిది, కుడివైపు. ఒకటి పైకి కొత్తదానిలాగే ఉంది. దానికి రెండు తట్లు తట్టి ఎడమవైపు పెట్టాడు. అయ్యగారు దాన్ని తీసుకుని వెలుతురుకు పట్టి, తిప్పి చూశారు. చట్రం పక్కన వెంట్రుకంత చీలిక. సంఘపెద్దకు ఇచ్చారు. ఆయన చూసి మా అమ్మకు ఇచ్చాడు. అమ్మ చాలాసేపు చూసింది.

అప్పుడు అయ్యగారు మంచి పలకల్లో ఒకటి బావ చేతిలో పెట్టి అక్క వైపు చూపించారు. ఈసారి వేలు ఒకటే ఎత్తారు. బావ ముఖం వెలిగింది. ఇంతసేపటికి ఈ మనుషులకు బుద్ధి వచ్చిందనుకున్నాడేమో, చెయ్యి పైకెత్తి ఒక్క తట్టు తట్టాడు. పలక రెండు ముక్కలై కింద పడింది.

"ఇప్పుడిది ఏం చెప్పినట్టు?" అన్నాడు సంఘపెద్ద.

"ఒగటే తట్టినాడు!" బావ వాళ్ళమ్మ కేక పెట్టింది. "అందరూ ఇన్నారు గదా, ఒగటే! పగిలితే పలక పగిలింది, రాయండయ్యగారూ!"

అయ్యగారు నవ్వుతూ పుస్తకం తెరిచారు. అక్క చెయ్యి పట్టుకుని ఉన్న అమ్మ, ఆ చెయ్యి వదిలింది.

కొన్నాళ్ళకు అక్క కాన్పుకు అమ్మే వెళ్ళి అక్కాబావల ఇంట్లో ఉండి వచ్చింది. వస్తూనే చెంబు మోగేట్టు కింద పెట్టింది. "మాట లేని ఇల్లంట! ఒగటే మాటలు. అన్నం కాడ చేతులు ఖాళీ లేకుంటే కండ్లతో మాట్లాడుకుంటారు. నన్ను జూసి నవ్వుకుంటారు. ఏందని అడిగితే చెప్పరు." మళ్ళీ వెళ్ళినప్పుడు పట్టుబట్టి వాళ్ళ సైగలు నేర్చుకుంది. తరువాత ఒక పండుగకు అందరం కలిసినప్పుడు, అమ్మ అల్లుడితో చేతులు ఊపుతూ గట్టిగా పోట్లాడటం చూశాను. చెరో వైపు తిరిగి కూర్చుని, వెనక్కి తిరిగి మళ్ళీ పోట్లాడుకున్నారు.

ఇలాంటి రాతల చివర సాయం చేసినవాళ్ళను పేరుపేరునా తలుచుకుంటారు. మా పల్లెలో వరుసలే పేర్లు, కనుక అలాగే చెబుతాను. పీట వేసిన గుమాస్తాగారికి, పుస్తకం మూసి మళ్ళీ తెరిచిన అయ్యగారికి, తన పొరపాటు ఒప్పుకుని ఈ కథ అందరికీ తానే చెప్పి నవ్వించిన సంఘపెద్ద మామకు, కేక పెట్టిన అత్తకు, నా ప్రసంగం ఆపిన నాయనకు, షరతు పెట్టిన అమ్మకు కృతజ్ఞతలు. ఇది రాసినంతవరకు నేను చదువుతుంటే, అక్క చేతులతో చెబుతుంటే, ఓపికగా చూసిన బావకు మరీ మరీ. అందరికన్నా ఎక్కువ అక్కకు. ఆ రోజు ఆమె సిగ్గుపడి ముసుగులోనే ఊరుకుని ఉంటే, అయ్యగారి బండి మధ్యాహ్నానికి వెళ్ళిపోయేది.