ఆ పొయ్యిలో కాలింది కేకులే

మొన్న మా మేనల్లుడు సిల్తారా వైపు ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాడు. భోజనాల దగ్గర మా బావ మళ్ళీ ఆ కథ ఎత్తుకున్నాడు. ఏళ్ళ కిందట దేవేంద్ర నగర్‌లో నేను కొన్న పాత ఇంట్లో పెద్దమాంసం కాల్చే పొయ్యి దొరికిందట. తాను చూడగానే పట్టేశాడట. ముహూర్తం లోపల దాన్ని బయటికి గెంటించి మా పరువు కాపాడాడట. వడ్డించేవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని నిలబడి విన్నారు. అందరూ నవ్వారు. "సిస్టరమ్మ పొయ్యి" అన్నది ఈ హిందీవాళ్ళ ఊళ్ళో మా రైల్వే తెలుగువాళ్ళకు సామెత అయిపోయింది. ఎవరింట్లో ఏది మాడినా ఆ మాటే.

అది అబద్ధం. అబద్ధమని నాకు మొదటిరోజే తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఇల్లు ఒక రిటైరైన నర్సుది, అందరికీ సిస్టరమ్మ. గుంటూరు వైపు క్రైస్తవులు. భర్త రైల్వేలో ఫిట్టరు, పోయాడు. ఒక్కదానికి అంత ఇల్లెందుకని మాకు అమ్మి, వెనక వీధిలో రెండు గదులు అద్దెకు తీసుకుంది. తెలుగువాళ్ళ ఇళ్ళకు వెళ్ళి సూదిమందులు ఇవ్వడం, బాలింతలను చూసుకోవడం, పసిపిల్లలకు నీళ్ళు పోయడం, ఇదే ఆవిడ బతుకు. మా అమ్మాయికి మొదటి స్నానం చేయించింది ఆవిడే. తాళాలు ఇచ్చేటప్పుడు ఒకే మాట అడిగింది. "వెనక వసారాలో మా ఆయన చేసిన పొయ్యి ఉంది బాబూ. బరువు. డిసెంబరులో ఠేలా బండి తెచ్చి పట్టుకుపోతాను. అందాకా ఉండనివ్వండి." సరేనన్నాను.

గృహప్రవేశానికి ముందు ఇల్లు కడగడానికి వెళ్ళాం. అమ్మ, అక్క, బావ, నేను. వసారా మూలన ఉందది. నాలుగు కాళ్ళ మీద ఇనప పెట్టె. ముందు తలుపు, లోపల రెండు అరలు. అడుగున నిప్పులకు సొరుగు. పైన అంచులు లేపిన పళ్ళెంలాంటి మూత, దాని మీద కూడా బూడిద.

"ఏటిరా ఇది?" అంది అమ్మ.

మేం బొగ్గుల సిగిడీ ఎరుగుదుం, కిరసనాయిలు స్టవ్వు ఎరుగుదుం, గ్యాసు ఎరుగుదుం. నెత్తిన నిప్పు పెట్టుకునే పొయ్యిని ఎవరం చూడలేదు. ఇస్త్రీ పెట్టెలు కాల్చేదేమో అన్నాను. కంసాలి కొలిమేమో అంది అక్క. బావ తలుపు తీసి, ముక్కు లోపల పెట్టి వాసన చూసి, లేచి నిలబడ్డాడు. ఆయన ఆఫీసులో హెడ్ క్లర్కు. ఇక్కడి తెలుగువాళ్ళకు తనకు తానే పెద్ద.

"కిందా నిప్పే, పైనా నిప్పే. ఇంత పెట్టె. సంగతేంటో నన్ను చెప్పమంటావా? తొడకి తొడ పెట్టి కాల్చేది. మేకది కాదు."

అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వెనక్కి జరిగింది.

మాది ఆదివారం మేకమాంసం లేకుండా అన్నం తినే ఇల్లు కాదు. బావ నల్లీ ఎముక పీల్చే చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. ఒకవేళ ఆవిడ అందులో ఏది కాల్చుకుంటే మాత్రం మాకేంటి? తన ఇల్లు, తన పొయ్యి. ఆ మాట అనడానికి కూడా నాకు నోరు రాలేదు.

కానీ నేను అరలోని రేకును బయటికి లాగాను. దాని మీద గుండ్రంగా కత్తిరించిన కాగితం అతుక్కుని ఉంది, నూనె ఇంకి గోధుమరంగుకు తిరిగింది. అంచున నల్లగా మాడిన ఎండుద్రాక్ష. గోటితో గీకితే పంచదార పాకం వాసన. ప్రతి క్రిస్మస్‌కూ ఆవిడ దగ్గర్నుంచి రైల్వే క్వార్టర్లలో ఇంటింటికీ వచ్చే కేకు అడుగున ఉండే కాగితం అది. చిన్నప్పుడు దాన్ని కూడా నాకేవాణ్ణి.

"బావా, ఇది చూడు," అన్నాను.

"ఏం చూడాలి? కొవ్వు."

నేను రేకును లోపలికి తోసేశాను.

మా వాళ్ళ పద్ధతి ఒకటుంది. కొత్త ఇంట్లో మొదట పాలు పొంగాలి. అంతకు ముందు ఆ కప్పు కింద ఇంకేదీ ఉడకకూడదు, పాత పొయ్యి ఉండకూడదు. "అది ఇంట్లో ఉండగా నేను పాలు పెట్టను," అంది అమ్మ. ముహూర్తం మర్నాడు. బావ పాత ఇనుము కొనే కబాడీవాణ్ణి పిలిచాడు. బోల్టులు విప్పితే గానీ అది గుమ్మంలో పట్టదు, అంత ఓపిక ఎవరికీ లేదు. సమ్మెటతో కొట్టి ముక్కలు చేశారు. ఆ ఫిట్టరు చేతిపని ఎంత గట్టిదో, తలుపు బందులు ఊడడానికి మధ్యాహ్నమయింది. తర్వాత అమ్మ వసారా అంతా గోపంచితం చల్లింది. పాలు చక్కగా తూర్పుకే పొంగాయి.

డిసెంబరులో ఆవిడ ఠేలావాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. బావ ఆరోజు మా ఇంట్లోనే ఉన్నాడు.

"కబాడీకి పోయింది. అయినా సిస్టరమ్మా, ఏం కాల్చేదానివి అందులో?"

ఎప్పుడూ ఆవిణ్ణి మీరు అనే బావ నువ్వులోకి దిగాడు. ఆవిడ అది గమనించింది గానీ తను అండీ అనడం మానలేదు.

"కేకులండీ. మీరూ తిన్నారు కదండీ, ప్రతి ఏడూ."

"కేకులకి పైన నిప్పెందుకమ్మా? మమ్మల్ని బుద్ధూగాళ్ళనుకున్నావా?"

"కింద ఒక్కటే ఉంటే అడుగు మాడిపోద్ది, పైన పచ్చిగా ఉంటదండీ." ఆ తర్వాత నా వైపు తిరిగింది. "బాబూ, మీకు చెప్పాను కదా, ఉంచమని."

నేను ఠేలావాడి చేతిలో కూలి డబ్బులు పెట్టి పంపేశాను.

ఆ సంక్రాంతి లోపే కథ మా వీధిలోనూ, క్వార్టర్లలోనూ పాకింది. ఒక్కో ఇల్లూ ఆవిణ్ణి పిలవడం మానేసింది. పొట్టమీద కొట్టామని ఎవరూ అనుకోలేదు, మడి కట్టుకున్నామనుకున్నారు. ఒకసారి కూరల బజారులో నన్ను ఆపింది. "మీరొక్క మాట చెప్పండి బాబూ. మీ ఇల్లు కాబట్టి నమ్ముతారు." చూస్తానమ్మా అన్నాను. చూడలేదు. బావతో పేచీ ఎందుకని ఊరుకున్నాను. ఆవిడ గదులు ఖాళీ చేసి అభన్‌పూర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

మొన్న పంక్తిలో కూర్చుని అందరూ వినేలా అన్నాను. "బావా, అది కేకుల పొయ్యి. నువ్వు కొవ్వన్నది పంచదార."

"ఇన్నాళ్ళకి వీడికి మత్తు దిగింది," అన్నాడు. మళ్ళీ నవ్వులు. అక్క మాత్రం, "శుభమా అని ఇల్లు చేరుతుంటే ఇప్పుడెందుకురా ఇవన్నీ," అని కసిరింది.

మరుసటి ఆదివారం అభన్‌పూర్ వెళ్ళాను. ఆవిడ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించింది. అందరి ముందూ నిజం చెప్పేశానని చెప్పాను. ఏదో కానుక తెచ్చి ఇచ్చినవాడిలా చెప్పాను.

"అక్కడ ఎవరెవరున్నారు బాబూ?"

"బావ వైపు చుట్టాలు."

"నన్ను పిలవడం మానేసిన ఇళ్ళవాళ్ళు?"

లేరన్నాను.

"మరి నాకెందుకు చెబుతున్నారు? వాళ్ళకి చెప్పండి." మంచినీళ్ళ గ్లాసు ఇస్తుంటే చెయ్యి వణికి నీళ్ళు నా మోకాలి మీద ఒలికాయి. "ఇంక ఎవరు పిలిచినా సూది పట్టలేను. అయినా చెప్పండి."

ఇంటికొచ్చి ముందు అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నాకు తెలీదేటి? ఆ కేకు వాసన నాకు తెలీదేటి? ముహూర్తం దాటిపోతాదని ఊరుకున్నాను."

ఒళ్ళు మండిపోయింది. పాలు పొంగడం కోసం ఒక మనిషి బతుకును సమ్మెటతో కొట్టించాం, అదీ తెలిసి తెలిసి, తల్లీ కొడుకులం ఇద్దరమూ. ఆ మాటే గట్టిగా అన్నాను. అమ్మ చేట పక్కన పెట్టి, "అరవకు, పక్కింటివాళ్ళు వింటారు," అంది.

సిస్టరమ్మను పిలవడం మొట్టమొదట మానేసింది ఆ పక్కింటివాళ్ళే. చెప్పులేసుకుని వాళ్ళింటికి బయలుదేరాను.