మిర్యాలగూడ గోదాములో పాడిన ఒక్క చరణం

దయ్యాలంటే నాకు నవ్వు. సూర్యాపేటలో ఫోన్లు బాగుచేసే పని నాది. శబ్దం వచ్చిందంటే ఎక్కడో స్క్రూ వదులైందని వెతికే మనిషిని. ఎవరైనా వచ్చి మా ఇంట్లో ఏదో తిరుగుతోందంటే, ముందు ఎలుకల బోను పెట్టుకోమని చెప్పి పంపేవాణ్ణి. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని వాదించడానికి ఇది రాయట్లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మాకొక చిన్న రాక్ బ్యాండ్ ఉంది. కోదాడ కిరణ్ డ్రమ్స్ కొడతాడు, ఇంకో ఇద్దరు గిటార్లు, పాట నాది. మా మొదటి ఆల్బంలో అన్నీ చెవులు దిబ్బళ్లు పడే పాటలే. మధ్యలో ఒక్కటి మాత్రం ఉత్త గిటారుతో మెల్లగా ఉండాలనుకున్నాం. లాక్‌డౌన్‌లో కిరాయి గదిలో ఒక్కణ్ణే ఉండి రాసుకున్న పాట, రెండు చరణాలది.

దాన్ని గదిలో ఎన్నిసార్లు రికార్డు చేసినా చప్పగా వచ్చింది. మిర్యాలగూడలో మా మామకు రైస్ మిల్లు ఉంది. అక్కడి గోదాములో చప్పట్లు కొడితే ఎంతసేపు మోగుతుందో చిన్నప్పటి నుంచీ తెలుసు. ఫోన్ చేస్తే, “కొత్త వడ్లు దిగకముందే వచ్చి పాడుకో అల్లుడా” అన్నాడు. నేను వెళ్లేసరికి తాళం తీయించి, తను హాలియాకు వడ్ల బేరానికి పోయాడు. నేను లోపలున్నానని హమాలీల మేస్త్రీ ఎల్లయ్యకు చెప్పడం మరిచిపోయాడు.

ఆ రోజే పాత బియ్యం బస్తాలకు పురుగు మందు బిళ్లలు పెట్టే రోజు. ఆ బిళ్లల నుంచి విషపు గాలి వస్తుంది. అది బయటికి పోకుండా షట్టర్ దించి, సందులన్నీ తడి మట్టితో మెత్తి, వారం దాకా ముట్టుకోరు. అందుకే దించేముందు మేస్త్రీ గుమ్మంలో నిలబడి, లోపల ఎవరైనా ఉన్నారా అని గట్టిగా పిలవాలి. ఆ మిల్లులో అది తప్పని పద్ధతి.

ఎల్లయ్య పిలిచాడు. నాకు వినపడలేదు. మొదటి చరణం పాడి రికార్డు చేసేసి, వెనక మూలన బస్తాల చాటున కూర్చుని, బయటి శబ్దం చొరబడని పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని నా పాట నేనే మురిసిపోతూ వింటున్నాను. మళ్లీ మళ్లీ విన్నాను. కళ్లు తెరిస్తే చీకటి.

కరెంటు పోయిందేమో అనుకున్నాను. ఫోన్ లైటుతో షట్టర్ దాకా నడిచి, ఎత్తబోతే కదల్లేదు. సిగ్నల్ లేదు. రేకు మీద గుద్దాను, తన్నాను, అరిచాను. బయట మిల్లు మోతలో నా గుద్దులు ఎవరికి వినపడతాయి? అప్పుడు వాసన తగిలింది. కుళ్లిన వెల్లుల్లి వాసన. అదేమిటో మామ ఎన్నోసార్లు చెప్పాడు. ముక్కుకు చొక్కా అడ్డం పెట్టుకుని, షట్టర్ అడుగున నేలకు ముఖం ఆనించి, సందు కోసం వెతికాను. ఎక్కడా వెలుతురు లేదు. అమ్మను తలుచుకుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఎంతసేపైందో తెలియదు. షట్టర్ లేచింది. ముఖానికి తువ్వాల కట్టుకున్న ఎల్లయ్య నన్ను రెక్క పట్టి బయటికి ఈడ్చాడు. నీళ్లు తాగించాడు. తర్వాత లోపలికి చూస్తూ అడిగాడు, “ఇంకొకాయన ఏడి తమ్మి?”

ఒక్కణ్ణే అన్నాను.

“గట్లెట్ల? నేను పిల్సినప్పుడు పలికిండ్రు గద. షట్టర్ సగం దిగినంక, ‘ఇద్దరమున్నం’ అన్నరు. నా చెవులే మోగినయేమో అనుకున్న. చాయ్ తాగుతుంటే లక్ష్మమ్మ గూడ గదే మాట అడిగింది, గప్పుడు ఉరికొచ్చిన.”

లక్ష్మమ్మ షట్టరుకు మట్టి మెత్తే మనిషి. “మగ గొంతే. గుమ్మం పక్కన నిలవడి పలికినట్టే ఇనొచ్చింది” అంది.

నేను పలకలేదు. నేనున్నది వెనక మూలన. పిలుపే వినని వాణ్ణి ఎలా పలుకుతాను? పోనీ తెలియకుండానే పలికానంటే, ఇద్దరమని ఎందుకంటాను?

బిళ్లలు తీయించి, గాలి పోయాక బస్తాల సందులన్నీ వెతికారు. ఎవరూ లేరు.

సాయంత్రం మామ తిరిగొచ్చి నా తల తడిమి, ఎల్లయ్యను తిట్టి, తనను తాను తిట్టుకున్నాడు. కానీ మందు పెట్టకపోతే బియ్యం దక్కదు. మళ్లీ మూయాల్సిందే. పిలవమంటే ఎల్లయ్య కదల్లేదు. లక్ష్మమ్మ మట్టి ముట్టనంది. చివరికి మామ, “నువ్వే పిలువు అల్లుడా, నీ పరేషాన్ గూడ తీరుతది” అన్నాడు.

గుమ్మంలో నిలబడి పిలిచాను. నా గొంతే తిరిగొచ్చింది. చాలాసేపు ఆగాను. మామ షట్టర్ దించాడు. మట్టి నేను మెత్తాను.

రెండో చరణం ఇంతవరకూ పాడలేకపోయాను. ఆ ఒక్క చరణాన్నే ఆల్బంలో పెట్టేశాం. పాట అంత పొట్టిగా ఉందేమిటని అందరూ అడుగుతారు. “ఇంకోసారి వెళ్లి పాడేసి రారాదట్రా, ఎంతసేపు?” అంటాడు కిరణ్. రికార్డింగులో ఏమైనా ఉందేమోనని వాడూ నేనూ ఎన్నోసార్లు విన్నాం. నా గొంతు, గిటారు తప్ప ఏమీ లేదు.

ఆ పలికింది ఎవరో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఎవరూ లేరనే నా బుద్ధి చెప్తుంది. కానీ ఎవరైనా ఉండి ఉంటే, అతను పలికాడు కాబట్టే నేను బతికాను. నేను మాత్రం బయటికొచ్చి, ఒక్క సందు మిగలకుండా నా చేతులతోనే మూసేశాను.