ఆట పుస్తకం చివరి పేజీ

2004లో హిందూపురం బస్టాండు దగ్గర చిన్న డీటీపీ సెంటర్ నడిపేదాన్ని. చేతిరాతను కంప్యూటర్‌లో అచ్చుకు సిద్ధం చేసే పని. నేను బడికి పోలేదు. నాయనే ఇంట్లో కూర్చోబెట్టి తెలుగూ ఇంగ్లీషూ నేర్పాడు. దీపం పెట్టి, ఆయన్ను తలచుకున్నాకే సిస్టమ్ ఆన్ చేసేదాన్ని.

పాలిటెక్నిక్ చదివే మంజునాథ ఆ ఏడు ఒక ఆట పుస్తకం తెచ్చాడు. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు కథ నడిపితే, మిగతావాళ్లు తలా ఒక పాత్రగా మాట్లాడతారు. ఏం జరగాలో పాచికలు తేలుస్తాయి. పెనుకొండ కోటలో నడిచే కథ అతనిది. నియమాలు మాత్రం విదేశంలో ఎవరో ఓపెన్ లైసెన్స్ కింద వదిలినవి. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. కానీ చివరి పేజీలో ఆ లైసెన్స్ మొత్తం వేయాలి. ముందు రాసినవాళ్ల పేర్లన్నీ ఉంచి, వాటి కింద మన పేరు చేర్చాలి.

ప్రూఫ్ దిద్దడానికి అతను రాలేదు. మెదడువాపు జ్వరం తీసుకుపోయింది.

కొన్నాళ్లకు వాళ్ల నాయన సుబ్బరాయప్ప వచ్చాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు.

"మావోడు ఈడ ఏందో అచ్చుకిచ్చినాడంట కదమ్మా?"

ప్రూఫ్ చేతిలో పెట్టి, చివరి పేజీ సంగతి చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

"వాడు రాసింది ఎవురు పడితే వాళ్లు మార్చుకుంటారా? తీసేయమ్మా ఆ పేజీ. ఎవురూ ముట్టుకోగూడదని రాయి."

"అది తీస్తే అచ్చెయ్యకూడదన్నా. నియమాలు వాళ్లిచ్చినవి."

"చచ్చినోనికి గూడా షరతులేనా?" ప్రూఫ్‌ను బల్ల మీద పెట్టాడు. "పెండ్లి లేదు, పిల్లోళ్లు లేరు. నేను పోతే వాని పేరు పలికేదెవురమ్మా?"

"ఆ పేజీ ఉంటేనే పలుకుతారన్నా. దీంట్లోంచి ఎవురు తీసుకున్నా మీవోని పేరు వెయ్యాల్సిందే. వాళ్ల దాంట్లోంచి ఇంకొకరు తీసుకున్నా అంతే."

"పెద్దల దినంనాడు తాతముత్తాతల పేర్లు చెప్పుకున్నట్లా?"

"అట్లే."

"అయితే ఉండనీ. అచ్చరం తప్పు పోనీవద్దు."

మూడేళ్లకు పెనుకొండ నుంచి ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. మంజునాథ పుస్తకం ఎవరి ద్వారానో చేరిందట. అందులోంచే నియమాలు తీసుకుని కరువు మీద కొత్త ఆట రాసింది.

"అక్కా, ఈ కడాపేజీ ఎవురు సదువుతారు? కొట్టేయ్."

"అది కొట్టేస్తే పనే చెయ్యను."

"ఏందక్కా, సామి పటం మాదిరి కాపాడతాండావు!" అని నవ్వింది. పేజీ నిలిచింది.

ఒక కాపీ అడిగి తీసుకుని ధర్మవరం రైలెక్కాను. సుబ్బరాయప్ప ఆ ఎండాకాలమే పోయాడు. ఆయన కాళ్లు దించి కూర్చుని నేసిన మగ్గం గుంతను బండతో మూసేశారు. మంజునాథ తల్లి పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. ఆమెకు చదువు రాదు.

"వాని పేరు యాడుండాది?"

ఆమె వేలు పట్టుకుని ఆ పేరు మీద ఉంచాను. చాలాసేపు తీయలేదు.

"దీని కింద ఇంకోటుండాదే, ఎవురిది?"

"ఈ ఆట రాసిన పిల్లది. పెనుకొండ."

"బతికే ఉండాదా?"

"ఉండాదమ్మా."

"సల్లగుండనీ," అని ఆ పేరునూ తడిమింది.

ఎవరూ చదవని పేజీ అంటూ ఉండదని ఆ తల్లి వేలు నాకు నేర్పింది. ఏ పుస్తకం వచ్చినా ఇప్పుడు ప్రూఫ్ చివరి పేజీ నుంచే మొదలుపెడతాను, నాయన నేర్పిన అక్షరాలకు దండం పెట్టుకుని.