అరవై తొమ్మిది తులాల కత్తి

దయ్యాలనూ గాలినీ నేను ఏనాడూ నమ్మలేదు. తిరుత్తణిలో కమ్మరి ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి కొలిమిలోకి వెళ్ళే ఇనుమునూ బయటికి వచ్చే ఇనుమునూ తూచి పుస్తకంలో రాయడం నా పని. తూకానికి రానిది నా లెక్కలోకి రాలేదు. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఈ ఒక్క సంగతి మోసి మోసి అలసిపోయాను, అందుకే రాస్తున్నాను.

1956లో, అరవ లెక్క ప్రకారం మాసి నెలలో, అత్తిమంజేరిపేట నుంచి ఒక సుబేదారు వచ్చారు. బర్మా యుద్ధం నుంచి తెచ్చుకున్న జపాను కత్తి ఆయన చేతిలో ఉంది. దాని సొంతదారు ఒక కుర్ర జపాను అధికారి. ఖైదీల ఆసుపత్రిలో ఈయన చేతుల్లోనే పోయాడట. పోయే ముందు, కత్తి అమ్మకు చేర్చమన్నాడట. పదేళ్ళు వెతికితే ఆ తల్లి చిరునామా దొరికింది. కత్తి పంపేస్తారు. తన గోడ మీదికి అలాంటిదే ఇంకొకటి మేము చేసివ్వాలి.

"పదేండ్లు నా గోడమీదనే ఉన్నాడమ్మా వాడు. బోసిగోడ చూడలేను. ఒకటే మాట, రెండూ మారిపోకూడదు. ఆ ముసలామెకు బిడ్డ కత్తే పోవల్ల."

ఆ పూచీ నాది. పిడి ఊడదీసి తూచాను. 64 తులాలు. పిడిలో దాగే భాగం మీద రెండు జపాను అక్షరాలు చెక్కి ఉన్నాయి, చేసిన కమ్మరి పేరట. పిడికి మేకు దిగే రంధ్రం రెండో అక్షరాన్ని సగం మింగేసింది. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాను.

మా ఆయన తిరువళ్ళూరు లారీ షెడ్లన్నీ తిరిగి కమాను పట్టీలు తెచ్చాడు. అంచు వెంట అలలాగా సాగే తెల్లగీత ఎలా వస్తుందో తెలుసుకోవడానికే నెల పట్టింది. వీపుకు మన్ను మందంగా, అంచుకు పలచగా పూసి, కాల్చి నీళ్ళలో ముంచాలి. మూడు కత్తులు నీళ్ళలోనే పగిలాయి. నాలుగోది నిలిచింది. 69 తులాలు. మనిషి మాత్రం చిక్కి సగమయ్యాడు.

అక్షరాలు కూడా కొట్టమని సుబేదారు అడిగితే మా ఆయన ఒప్పుకోలేదు.

"ఇంకో కమ్మరి పేరు నేను కొట్టేదా అయ్యా? మా పనిలో అంతకన్నా పెద్ద దొంగతనం లేదు."

మా కత్తికి మేకు రంధ్రం మాత్రం అసలుదానికన్నా అర అంగుళం కిందికి పడింది.

"ఏమయ్యా, కండ్లు యాడ పెట్టుకోని కొట్టినావు?"

"పిడి మూస్తే ఎవుడే చూసేది, నీ పుస్తకం తప్ప!"

అక్షరాల్లేని నున్నటి ఇనుము మీదనే, నా కళ్ళ ముందు పిడి బిగించాడు. వైకాసి నెలలో సుబేదారు 64 తులాల కత్తిని మళ్ళీ తూపించి, పెట్టెలో పెట్టి, మద్రాసులో ఓడకు అప్పగించి వచ్చారు.

మరుసటి ఏడు ఆడి నెలలో పట్టపగలు, పిడి వదులైందని మేం చేసిన కత్తి తెచ్చారు. మా ఆయన మేకు తట్టి పిడి లాగాడు. ముగ్గురం చూశాం. అక్షరాలు ఉన్నాయి.

తూచాను. 69. రంధ్రం అర అంగుళం కిందే ఉంది. మా కత్తే. నా పాత అచ్చు కాగితం దాని పక్కన పెట్టి చూశాను. మొదటి అక్షరం గీతకు గీత సరిపోయింది. రెండోది కాగితం మీద సగమే, కత్తి మీద పూర్తిగా ఉంది. ఆ మిగతా సగం మాలో ఎవరమూ చూసి ఎరగం.

మా ఆయన ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మె మీద చెయ్యి పెట్టి తాను కొట్టలేదన్నాడు. సుబేదారుకు ఉలి పట్టడమే రాదు. తర్వాత మద్రాసులో జపాను చదువు వచ్చిన ఒకరికి సుబేదారు ఈ కత్తి మీది కొత్త అచ్చు చూపిస్తే, రెండో అక్షరం తప్పు లేకుండా ఉందన్నారట.

ఆ రోజు మాత్రం సుబేదారు తిన్నె మీద కూలబడ్డారు.

"అమ్మా, ఆ తల్లికి నేను ఏది పంపించినాను?"

"అరవై నాలుగు తులాలది, అయ్యా."

జపాను నుంచి జాబు రాలేదు. తిరుత్తణికి వచ్చినప్పుడల్లా ఆయన అదే అడిగేవారు, నేను పుస్తకం తీసి అదే లెక్క చదివేదాన్ని. ఆ అక్షరాలు ఎలా వచ్చాయో అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను. 1960లో చివరిసారి వచ్చినప్పుడు ఆయన అడగలేదు. నేనే పుస్తకం తెరిచి, అరవై నాలుగు అని చదివాను.

"సరేలేమ్మా," అని పళ్ళిపట్టు బస్సెక్కారు.